64 బిట్ల రిజిస్టర్ 4095 అడుగులకే మొదటికొచ్చింది: 18446744073709551615 మీద ఒక కేస్ స్టడీ

18446744073709551615. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. అంటే 1,84,467 కోట్ల కోట్ల పైచిలుకు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్ళకూ కలిపి అయ్యే మొత్తం ఇదే. పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న ఒక పద్యం ఈ ఇరవై అంకెలనూ ఇరవై మాటల్లో చెబుతుంది. శర (5), శశి (1), షట్క (6), చంద్ర (1) అంటూ ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుంజర (8), తుహినాంశు (1) దగ్గర ముగిస్తుంది. ఎక్కడా ఒక్క అంకె తేడా లేదు.

నాకు ఈ సంఖ్యతో పని పడింది గింజల వల్ల కాదు, ఒక షిఫ్ట్ రిజిస్టర్ వల్ల.

నేపథ్యం

మేము ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్) బోర్డుల మీద హైస్పీడ్ సీరియల్ లింకులు టెస్ట్ చేస్తాం. ఒకవైపు నుంచి బిట్లు పంపుతాం, అవతలివైపు అవే వచ్చాయో లేదో చూస్తాం. పంపే బిట్లకు వరసా వాయీ లేనట్టు ఉండాలి. అయినా అవతలివైపు కూడా అదే వరుసను సొంతంగా తయారు చేసుకోగలగాలి, లేకపోతే దేనితో పోల్చి చూస్తుంది? దీనికి అందరూ వాడేది ఎల్ఎఫ్ఎస్ఆర్ అనే రిజిస్టర్. బిట్లు ఒక వరుసలో ఉంటాయి. క్లాక్ కొట్టినప్పుడల్లా అన్నీ ఒక గడి ముందుకు జరుగుతాయి, చివరి బిట్ బయటికి పోతుంది. ఖాళీ అయిన మొదటి గడిలోకి, ముందే ఎంచుకున్న కొన్ని గళ్ళను ఎక్సార్ చేసి వచ్చినది పెడతాం. ఆ ఎంచుకున్న గళ్ళే ట్యాప్‌లు. ఎక్సార్ అంటే క్యారీ లేని కూడిక: ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా, అంతే.

64 బిట్లకు 2⁶⁴ స్థితులు. అన్నీ సున్నాలైతే రిజిస్టర్ అక్కడే ఉండిపోతుంది, ఎన్ని సున్నాలు కూడినా సున్నాయే కదా. అది తీసేస్తే మిగిలేవి 18446744073709551615. ట్యాప్‌లు సరిగ్గా పడితే రిజిస్టర్ ఈ స్థితులన్నిటినీ ఒక్కోసారి తాకి, ఆ తర్వాతే మొదటికొస్తుంది. సెకనుకు 10 కోట్ల క్లాక్‌ల చొప్పున నడిపినా ఒక చుట్టు పూర్తవడానికి దాదాపు 5,845 ఏళ్ళు పడుతుంది.

మా పాత డిజైన్‌లో రిజిస్టర్ 63 బిట్లది, ట్యాప్‌లు 63, 62. ఇది ప్రామాణిక పట్టికల్లో ఉన్న జోడీ. దీని చుట్టు 2⁶³ − 1 అడుగులు, అంటే 9223372036854775807. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా నడిచింది. తర్వాత ఒక రివిజన్‌లో దాన్ని 64 బిట్లకు పెంచారు. సాఫ్ట్‌వేర్ వైపు స్థితిని ఎలాగూ 64 బిట్ల వేరియబుల్‌లో పెడుతున్నారు, ఒక బిట్ ఊరికే పోతోంది, వాడుకుందాం అన్నది వాదన. 63, 62 కాస్తా 64, 63 అయ్యాయి. పైన కామెంట్‌లో 'పీరియడ్ 2⁶⁴ − 1' అని కూడా రాశారు. రివ్యూలో అందరూ కామెంట్ చదివి కోడ్ పాస్ చేశారు. మన దగ్గర ఇది మామూలే.

సిమ్యులేషన్ పాసైంది. బోర్డు మీద టెస్టులూ పాసయ్యాయి. పాసవక ఏం చేస్తాయి? పంపేవైపూ, అందుకునేవైపూ ఒకే జనరేటర్ ఉన్నప్పుడు రెండూ ఒకే తప్పును ఒకేలా చేస్తాయి. లింకు మంచిదైతే ఎర్రర్ కౌంటర్ సున్నా దగ్గరే ఉంటుంది. జనరేటర్ ఎంత చెత్తదైనా ఆ కౌంటర్‌కు తెలియదు.

లక్షణం

టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి క్యాప్చర్ ఫైలును (లింకు మీద వెళ్ళిన బిట్ల రికార్డును) సర్వర్‌లో పెట్టబోతూ నా దగ్గరికి వచ్చింది.

"సర్, నూరు ఎంబీల ఫైలు జిప్ చేస్తే ఒక ఎంబీ కూడా రావట్లేదు. క్యాప్చర్ ఖాళీగా వచ్చిందేమో?"

"తెరిచి చూశావా?"

"చూశాను సర్. బిట్లు బాగానే కనిపిస్తున్నాయి. సున్నాలే ఎక్కువ, మధ్యమధ్య ఒకట్లూ ఉన్నాయి."

యాదృచ్ఛికంగా కనిపించే డేటా జిప్‌లో కుదించుకుపోదు. మంచి 64 బిట్ల రిజిస్టర్ వరుసలో గణిత సంబంధం ఉన్నా, ఆ సంబంధం బిట్ల కూడిక రూపంలో ఉంటుంది. జిప్‌కు అది పట్టుబడదు, అది వెతికేది అచ్చంగా అవే బైట్లు మళ్ళీ వచ్చాయా అని మాత్రమే. అదీ వెనక్కి 32 కేబీల దూరం వరకే. అయినా ఫైలు ఇంతగా కుదించుకుపోయిందంటే ఆ లోపలే ఏదో తిరిగొస్తోందన్నమాట. ఫైలు మొదటి 64 బిట్లను తీసుకుని అవి మళ్ళీ ఎక్కడ వస్తాయో వెతికాం. 4095వ బిట్ దగ్గర దొరికాయి. తర్వాత 8190 దగ్గర. ఆపైన ప్రతి 4095కీ.

5,845 ఏళ్ళు తిరగాల్సిన చుట్టు 41 మైక్రోసెకన్లలో పూర్తవుతోంది.

4095 ఎక్కడి నుంచి వచ్చింది

ఇలాంటి చోట చాలామంది సిమ్యులేషన్ మళ్ళీ నడుపుతారు, లేదా ఎఫ్‌పీజీఏ టూల్ మీద అనుమానపడతారు. నిజానికి దీనికి కాగితం, పెన్ను చాలు.

64, 63 ట్యాప్‌లంటే అర్థం ఇది: ఇప్పటి బిట్‌ను, దాని తర్వాతి బిట్‌ను ఎక్సార్ చేస్తే 64 అడుగుల తర్వాత రాబోయే బిట్ వస్తుంది. వరుసను ఒక అడుగు జరపడాన్ని జ అనుకుందాం. రెండడుగులు జరిపితే జ², మూడైతే జ³. అసలు జరపకపోతే 1. అప్పుడు మన రిజిస్టర్ నియమం మొత్తం ఒక్క ముక్కలో ఇమిడిపోతుంది:

జ⁶⁴ = జ + 1

క్యారీ లేని కూడికలో ఒక సౌకర్యం ఉంది. (జ + 1)² విప్పితే జ² + 2జ + 1 వస్తుంది. కానీ జ + జ సున్నా కాబట్టి మధ్య పదం ఎగిరిపోయి జ² + 1 మిగులుతుంది. దీన్నే ఆరుసార్లు వర్గం చేస్తే (జ + 1)⁶⁴ = జ⁶⁴ + 1. ఇప్పుడు మొదటి సమీకరణాన్ని 64వ ఘాతానికి ఎత్తండి.

జ⁴⁰⁹⁶ = (జ⁶⁴)⁶⁴ = (జ + 1)⁶⁴ = జ⁶⁴ + 1 = జ + 1 + 1 = జ

అంటే 4096 అడుగులు జరపడం, ఒక్క అడుగు జరపడం ఒకటే. జ⁴⁰⁹⁵ = 1. ఏ సీడ్‌తో (రిజిస్టర్‌లో మొదట పెట్టే బిట్లతో) మొదలుపెట్టినా 4095 అడుగుల తర్వాత రిజిస్టర్ బయల్దేరిన చోటే ఉంటుంది.

అంతకంటే ముందే రాదని నమ్మకం ఏమిటి? 4095 = 3 × 3 × 5 × 7 × 13. అసలు చుట్టు ఇంకా చిన్నదైతే అది 4095ను భాగించాలి. అప్పుడు 4095/3, 4095/5, 4095/7, 4095/13 అడుగుల్లో కనీసం ఒకదాని దగ్గర 1 రావాలి. ఒక్కొక్కటీ చూద్దాం. 4095/3 అంటే 1365, అది 64 × 21 + 21. జ⁶⁴ ఉన్నచోటల్లా జ + 1 పెడితే జ¹³⁶⁵ = జ²¹(జ + 1)²¹. దీని పరిమాణం (జ అత్యధిక ఘాతం) 42, అది 64 కంటే తక్కువ, ఇంకా కుదించడానికి లేదు, 1 కాదు. 819 = 64 × 12 + 51, పరిమాణం 63. 585 = 64 × 9 + 9, పరిమాణం 18. 315 = 64 × 4 + 59, పరిమాణం 63. ఏదీ 1 కాదు. మా సీడ్‌లో ఒకే ఒక బిట్ 1, మిగతావన్నీ సున్నాలు. అలాంటి సీడ్‌కు చుట్టు కచ్చితంగా 4095.

వేరే సీడ్ పెడితే వేరే చుట్టులో పడతాం. అదీ 4095కు మించదు. ఒక్క పెద్ద చుట్టు ఉండాల్సిన చోట కనీసం 4,500 లక్షల కోట్ల చిల్లర చుట్లున్నాయి. అన్నీ సరిగ్గా 4095 పొడవు కూడా కావు: 18446744073709551615ను 4095తో భాగిస్తే 15 శేషం మిగులుతుంది, కాబట్టి కొన్ని ఇంకా పొట్టివి ఉండి తీరాలి.

జోడీ మార్చినవాళ్ళు చిన్న సైజులో సరిచూసుకుని ఉండవచ్చు కదా అని అడిగాను. చూశారట, 4 బిట్లతో. ట్యాప్‌లు 4, 3. వరుస 000100110101111, మళ్ళీ 0001. నిండుగా 15 అడుగులు! ఇక్కడే అసలు తిరకాసు. బిట్ల సంఖ్య 2 ఘాతమైనప్పుడల్లా పైన చేసిన లెక్కే పనిచేస్తుంది. 4 బిట్లకు జ⁴ = జ + 1, కాబట్టి జ¹⁶ = జ, చుట్టు 15. 4 బిట్లకు గరిష్ఠం కూడా అనుకోకుండా అదే. 8 బిట్లకు వచ్చేది 63, రావాల్సింది 255. 16 బిట్లకు వచ్చేది 255, రావాల్సింది 65,535. 32 బిట్లకు 1023, రావాల్సింది 4294967295. వెడల్పు రెట్టింపు చేసిన ప్రతిసారీ చుట్టు దాదాపు నాలుగింతలే పెరుగుతుంది, పెరగాల్సిందేమో అంతకంతే గుణించినంత. 2, 4 బిట్ల దగ్గర మాత్రమే రెండూ కలుస్తాయి. టెస్ట్ చేయడానికి సులువని ఎంచుకున్న సైజే తప్పు కనిపించని సైజు.

రెండు ట్యాప్‌లతో కుదరదు

సరే, 63 బదులు రెండో ట్యాప్ ఇంకెక్కడైనా పెడితే? లాభం లేదు. బిట్ల సంఖ్య 8కి గుణిజమైతే రెండు ట్యాప్‌ల రిజిస్టర్ ఎప్పటికీ నిండు చుట్టు తిరగదు. రిచర్డ్ స్వాన్ 1962లో నిరూపించిన సిద్ధాంతం నుంచి వచ్చే ఫలితం ఇది. 63కి ఆ అడ్డంకి లేదు, 64కి ఉంది. ఒక్క బిట్ పెంచడం చిన్న మార్పు అనుకోవడమే ఇక్కడ దెబ్బకొట్టింది.

మూడు ట్యాప్‌లు? అన్ని బిట్లూ 1 అయిన స్థితిని ఊహించండి. మూడు ఒకట్ల ఎక్సార్ మళ్ళీ 1. రిజిస్టర్ అక్కడే ఇరుక్కుంటుంది, అంటే ఆ స్థితి పెద్ద చుట్టులో లేనట్టే. ట్యాప్‌ల సంఖ్య బేసి అయితే ఎప్పుడూ ఇదే కథ. కాబట్టి 64 బిట్లకు కనీసం నాలుగు కావాలి. పట్టికల్లో ఉండే నాలుగు: 64, 63, 61, 60.

పట్టికలో ఉంది కదా, పెట్టేసి ముందుకు పోదాం అన్నారు ఒకరు. నేను ఒప్పుకోలేదు. పట్టికను అనుమానించి కాదు. పట్టిక నుంచి కోడ్‌లోకి వచ్చేలోగా ఏ అంకె అయినా జారిపోవచ్చు, గళ్ళను ఎటువైపు నుంచి లెక్కపెట్టాలన్న దగ్గర గందరగోళం రావచ్చు. కోడ్‌లో ఉన్నదాన్నే పరీక్షించాలి. 5,845 ఏళ్ళు ఆగకుండా.

ఆ సంఖ్యను విడగొట్టాల్సింది ఇక్కడే.

ఏడు ప్రధాన సంఖ్యలు

తర్కం 4095కు వాడినదే. చుట్టు 18446744073709551615ను భాగిస్తుందని ముందు తేల్చుకోవాలి. తర్వాత, దాని ప్రతి ప్రధాన కారణాంకంతోనూ భాగించి వచ్చిన అన్ని అడుగులు వేసి, ఎక్కడా 1 రాలేదని చూపించాలి. అప్పుడు చుట్టు అంతకంటే చిన్నది కాలేదు. కారణాంకాలు తెలియకపోతే ఈ పరీక్షే లేదు.

ఇరవై అంకెల సంఖ్యను విడగొట్టడం చేత్తో అయ్యే పనిలా కనిపించదు. కానీ ఇది మామూలు సంఖ్య కాదు. 64 అంటే 2 ఘాతం కావడం వల్ల వర్గాల భేదం సూత్రం గొలుసులా పడుతుంది:

2⁶⁴ − 1 = (2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1)

కుడివైపు నుంచి 3, 5, 17, 257, 65537, చివరికి 4294967297. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. ఆరోదాని దగ్గరే ఆ నమ్మకం చెల్లదని 1732లో ఆయిలర్ చూపించాడు. 4294967297ను 641 భాగిస్తుంది.

దీన్ని సరిచూడడానికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. 641 = 5 × 2⁷ + 1. అదే 641 = 5⁴ + 2⁴ కూడా (625 + 16). మొదటి దాని ప్రకారం, 641తో భాగించినప్పుడు 5 × 2⁷, −1 రెండూ ఒకటే. నాలుగో ఘాతం తీస్తే 5⁴ × 2²⁸ అంటే 1. రెండోదాని ప్రకారం 5⁴ అంటే −2⁴. దాన్ని ఇందులో పెడితే −2³² అంటే 1. అంటే 2³² + 1లో శేషం సున్నా. ఎన్నిసార్లు చూసినా ఇంత పొందికగా ఎలా కుదిరిందా అనిపించే లెక్క ఇది.

641ను పట్టుకోవడం కూడా గుడ్డి వెతుకులాట కాదు. ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ను భాగిస్తే, దాని దృష్టిలో 2³² అంటే −1, 2⁶⁴ అంటే 1. కాబట్టి 2 ఘాతాల చుట్టు సరిగ్గా 64. ఆ ప్రధాన సంఖ్య నుంచి 1 తీసేస్తే 64 గుణిజం రావాలి. లూకాస్ అనే గణితవేత్త దీన్ని 128కి బిగించాడు. 128 గుణిజాలకు 1 కలిపితే 129, 257, 385, 513, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 257, 641 మాత్రమే. నిజంగా వేసి చూడాల్సిన భాగహారాలు రెండు. రెండోదే తగులుతుంది.

భాగిస్తే 6700417 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనా? సాధారణంగా అయితే దీని వర్గమూలం 2588 వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి, అవి మూడొందల పైనే. కానీ దీని కారణాంకాలు కూడా 4294967297 కారణాంకాలే, అంటే అవీ 128 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉండాలి. 2588 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు ఐదే ఐదు. 257తో భాగిస్తే శేషం 170, 641తో 44, 769తో 120, 1153తో 334, 1409తో 622. ఏదీ సున్నా కాదు. 6700417 ప్రధాన సంఖ్య, సందేహం లేదు.

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు కారణాంకాలు, ఏదీ రెండోసారి రాలేదు. కాబట్టి దీని భాజకాలు మొత్తం 2⁷, అంటే 128. ఇందులోని 3, 5, 17, 257, 65537ల లబ్ధం 4294967295. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే గీయగలిగే బేసి భుజాల క్రమ బహుభుజుల్లో ఇప్పటివరకూ తెలిసినవాటిలో అత్యధిక భుజాలున్నది సరిగ్గా ఇన్ని భుజాలదే. గాస్ 1796లో 17 భుజాలదాన్ని గీయవచ్చని కనిపెట్టడంతో మొదలైన కథ అది. మన రిజిస్టర్‌కు దానితో పని లేదు గానీ, చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

పరీక్ష

స్క్రిప్ట్ చిన్నదే. జ ఘాతాన్ని 64 బిట్ల సంఖ్యగా పెట్టుకుని, క్యారీ లేని గుణకారం చేసి, 64 బిట్లు దాటినప్పుడల్లా రిజిస్టర్ నియమంతో కుదించడం. ముందు జను 64 సార్లు వర్గం చేస్తాం. తిరిగి జయే రావాలి. వస్తే చుట్టు 2⁶⁴ − 1ను భాగిస్తుందన్నమాట.

పాత ట్యాప్‌లు 64, 63 పెట్టి నడిపితే మొదటి మెట్టులోనే బోల్తాపడింది. జ బదులు జ¹⁶ వచ్చింది. రావాల్సింది కూడా అదే: ప్రతి 12 వర్గాలకూ మొదటికొస్తుంది, 64లో 12లు ఐదు పోగా నాలుగు వర్గాలు మిగులుతాయి, నాలుగు వర్గాలంటే 16వ ఘాతం. తప్పు ఎక్కడుందో తెలిసినా, స్క్రిప్ట్ దాన్ని పట్టుకుందని చూడడం అవసరం. పట్టుకోవాల్సినదాన్ని పట్టుకోని పరీక్ష పాసైతే ఏం లాభం?

64, 63, 61, 60తో నడిపితే మొదటి మెట్టు దాటింది. తర్వాత ఏడు కారణాంకాలకూ ఏడు ఘాతాలు. ఒక్కటి కూడా 1 కాలేదు. మొత్తం పని సెకను లోపే.

ఆ ఏడు ఘాతాంకాలను హెక్సాలో (16 ఆధారంగా రాసే పద్ధతిలో) ప్రింట్ చేయించినప్పుడు టీమ్‌లో ఒకరు గుర్తుపట్టారు. 3తో భాగిస్తే వచ్చేది పదహారు 5లు. 5తో భాగిస్తే పదహారు 3లు. 17తో భాగిస్తే 0, ఎఫ్ ఒకదాని తర్వాత ఒకటి. 257తో భాగిస్తే రెండు సున్నాలు, రెండు ఎఫ్‌లు. ఒక పదంలో ఎన్ని బిట్లు 1గా ఉన్నాయో లెక్కపెట్టే పాత కోడ్‌లో వాడే మాస్కులు ఇవే. ఏళ్ళుగా చూస్తున్న ఆ సంఖ్యలు 2⁶⁴ − 1ను ఫెర్మా సంఖ్యలతో (పైన చూసిన 3, 5, 17, 257 వరుసతో) భాగిస్తే వచ్చేవని ఎవరికీ తట్టలేదు. 641, 6700417లతో భాగిస్తే మాత్రం ఇంత అందమైన నమూనా రాదు.

ట్యాప్‌లు ఎలా పడితే అలా ఎంచుకుంటే అదృష్టం కొద్దీ కుదిరే అవకాశం ఎంత? ఇదీ ఆ ఏడు సంఖ్యలే చెబుతాయి. ప్రతి కారణాంకం నుంచీ 1 తీసేసి గుణిస్తే 9208981628670443520. దాన్ని 64తో భాగిస్తే 143890337947975680. నిండు చుట్టు తిరిగే 64 బిట్ల అమరికలు సరిగ్గా ఇన్ని, సుమారు 1,439 కోట్ల కోట్లు. మొత్తం అమరికలు 2⁶³. అంటే 64లో ఒకటి మంచిది. వినడానికి 1,439 కోట్ల కోట్లు బోలెడన్ని అనిపిస్తాయి గానీ, కళ్ళు మూసుకుని ఒకటి పట్టుకుంటే 64లో 63 సార్లు తప్పే. నాకైతే ఆ పందెం వద్దు.

నష్టం, నిర్ణయం

4095 పొడవున్న వరుసతో చేసిన టెస్టులు పూర్తిగా దండగేం కాదు. సున్నాలూ ఒకట్లూ రెండూ వచ్చాయి, 63 సున్నాలు వరుసగా వచ్చే చోటు కూడా ఉంది. అసలు నష్టం మా లింకు పనిచేసే తీరులో దాగింది. మా సీరియలైజర్ (బిట్లను వరుసగా లింకు మీదికి పంపే భాగం) వాటిని 10 బిట్ల గుంపులుగా తీసుకుంటుంది. 10, 4095ల గరిష్ఠ సామాన్య భాజకం 5. కాబట్టి గుంపులు 4095 రకాల చోట్ల మొదలవ్వవు, 819 చోట్ల మాత్రమే మొదలవుతాయి. 819 గుంపుల తర్వాత అదే వరుస మళ్ళీ. 10 బిట్లకు సాధ్యమైన గుంపులు 1024. అన్నీ వేరువేరుగా వచ్చాయనుకున్నా కనీసం 205 గుంపులు ఆ లింకు మీద ఒక్కసారి కూడా ప్రయాణించలేదు. టెస్టు రాత్రంతా నడిపినా, నెల నడిపినా అంతే. ఆ 205లో ఏదైనా ఒకటి రిసీవర్‌ను తడబడేలా చేసేదైతే మాకు తెలిసే దారే లేదు. పాత పాస్ రిపోర్టులన్నీ పక్కనపెట్టి, కొత్త ట్యాప్‌లతో మళ్ళీ నడపాల్సి వచ్చింది. కొత్తదానిలో 1024 రకాలూ క్షణంలోనే కనిపించాయి.

ఇక్కడ ఇంకో మెలిక. సరైన ట్యాప్‌లు పెట్టిన 64 బిట్ల రిజిస్టర్‌కు కూడా ఈ 5 గొడవ వదలదు, 18446744073709551615 కారణాంకాల్లో 5 ఉంది కదా. 10 బిట్ల గుంపులుగా తీసుకుంటే గుంపుల చుట్టు 3689348814741910323కు తగ్గుతుంది. చుట్టు పొడవు పరంగా ఎవరికీ నష్టం లేదు, కానీ గుంపులు మొదలయ్యే చోట్లలో ఐదింట నాలుగు వంతులు ఎప్పటికీ రావు. 8, 16, 32, 64 బిట్ల గుంపులైతే ఈ సమస్యే లేదు, సంఖ్య బేసి కాబట్టి. పాత 63 బిట్ల రిజిస్టర్ సంగతి చూస్తే, 2⁶³ − 1 = 7 × 7 × 73 × 127 × 337 × 92737 × 649657. ఇందులో 5 లేదు, 2 లేదు. 10 బిట్ల గుంపులకు అదే మంచిది.

చివరికి 10 బిట్ల లింకులన్నిటికీ 63, 62 ట్యాప్‌ల పాత రిజిస్టర్‌నే వెనక్కి తెచ్చాం. సాఫ్ట్‌వేర్ వేరియబుల్‌లో ఒక బిట్ ఖాళీగా ఉంటే ఉండనీ అన్నాం. 64 బిట్లను ఒకేసారి మోసే డేటా దారుల (బస్‌ల) మీద మాత్రం 64, 63, 61, 60. రెండు ఫైళ్ళలోనూ పీరియడ్ అని రాసిన పాత కామెంట్ తీసేసి, దేని కారణాంకాలు దానికి రాశాం. ట్యాప్‌ల లైన్ ఎవరు మార్చినా ఆ స్క్రిప్ట్ దానంతటదే నడుస్తుంది, పాసవకపోతే కోడ్ లోపలికి వెళ్ళదు.